పాత వ్యాను ఎందుకు ఆగుతోంది?

పెద్ద ఖర్చుకు ముందు చిన్న తప్పు వెతకాలి
బడి పిల్లలను ఎక్కించుకునే బండ్లకు మరీ జాగ్రత్త అవసరం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: ఉదయం ఎనిమిది గంటలవుతుంది. బడి గంట కొట్టే వేళ. పుస్తకాల సంచులతో కిక్కిరిసిన పాత వ్యాను నాలుగు రోడ్ల కూడలిలో ఆగుతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయగానే ఇంజను గడగడ వణికి చల్లారిపోతుంది. వెనుక లారీ హారన్ మోగిస్తుంది. సెల్ఫ్ కొడితే ఒకసారి పట్టుకుంటుంది, మరోసారి పట్టుకోదు. ఇద్దరు ముగ్గురు దిగి నెడితే గానీ బండి కదలదు. ‘గిదేంది కాకా, పరుగుల మీద మంచిగనే ఉంటది, ఆపితే బంద్ పడుతది’ అన్నది మెకానిక్ షెడ్ల వద్ద రోజూ వినిపించే మాట.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లోను, చుట్టుపక్కల పల్లెల్లోను పాత పెట్రోలు వ్యాన్లపై ఆధారపడి బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బడి పిల్లలను చేరవేసేవి కొన్ని. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి క్షేత్రాలకు భక్తులను తీసుకుపోయేవి మరికొన్ని. సిరిసిల్లలో బట్టల మూటలు, కోరుట్లలో కిరాణా సామాను, జగిత్యాల పల్లెల్లో మామిడికాయల డబ్బాలు మోసేవి ఇంకొన్ని. గల్ఫ్ దేశాలకు పోయేవారిని సాగనంపడానికి, వచ్చేవారిని ఇంటికి చేర్చడానికి కూడా ఒకప్పుడు ఈ వ్యాన్లే దిక్కు. గల్ఫ్‌లో సంపాదించిన డబ్బుతో పాత వ్యాను కొనుక్కుని ఊళ్లోనే స్థిరపడాలని చూసేవారూ ఉన్నారు.

ఇటువంటి బండి న్యూట్రల్‌లో నిలకడగా నడవకపోతే ఆ రోజు కిరాయి పోయినట్లే. అంతకన్నా పెద్ద నష్టం ఆ తర్వాత జరుగుతుంది. అసలు తప్పు ఎక్కడుందో చూడకుండా ప్లగ్గులు, కాయిల్, పెట్రోలు పంపు, చివరకు కార్బొరేటర్ ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పోతారు. వేల రూపాయలు చేతులు మారతాయి. ఆఖరుకు తేలేది ఏమిటంటే ఎక్కడో ఒక చిన్న రబ్బరు గొట్టం చిట్లి ఉంటుంది. అసలే అంతంత మాత్రం సంపాదన ఉన్న బండి యజమానికి ఇది మూలిగే నక్కపై తాటిపండు పడ్డట్లే.

ఆగిన మగ్గం నేర్పే పాఠం

సిరిసిల్ల వారికి ఈ విషయం వేరే చెప్పనక్కర లేదు. మరమగ్గం నడుస్తూ నడుస్తూ టక్కున ఆగితే కార్మికుడు మోటారు విప్పడు. ముందు దారం తెగిందేమో చూస్తాడు. తర్వాత కండె అయిపోయిందేమో చూస్తాడు. దారం తెగితే మగ్గం ఆగిపోయే ఏర్పాటు అందులోనే ఉంటుంది కాబట్టి ఆగడం ఒక గుర్తు అని అతనికి తెలుసు. మోటారు మీద అనుమానం అన్నిటికన్నా చివర వస్తుంది.

బండి ఇంజను విషయమూ అంతే. అది ఆగిందంటే ఏదో చెబుతోందని అర్థం. ఏ వేళ ఆగింది, ఎలా ఆగింది అన్నది గమనిస్తే సగం రోగం తెలిసిపోతుంది. మిగతా సగం తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చుతో కూడినవి తర్వాత చేయాలి. అనుభవజ్ఞులైన మెకానిక్కులు పాటించే పద్ధతి ఇదే.

ఈ బండి కథ

ఈ ప్రాంతంలో పాత వ్యాను అంటే ఎక్కువగా మారుతి వ్యాను అనే అర్థం. 1983 డిసెంబరులో మారుతి 800 కారు రోడ్డెక్కగా, మరుసటి ఏడాది 1984లో అదే కంపెనీ వ్యాను వచ్చింది. 1988లో దీనికి ఓమ్ని అని పేరు మార్చారు. 796 సీసీ సామర్థ్యం, మూడు సిలిండర్లు గల పెట్రోలు ఇంజను దీనిది. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తితే గానీ కనిపించదు. చాలా కాలం కార్బొరేటర్‌తోనే నడిచిన ఈ వ్యానుకు తర్వాతి రోజుల్లో ఎంపీఎఫ్‌ఐ, అంటే కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది. 2019లో ఉత్పత్తి ఆగిపోయింది.

ఉత్పత్తి ఆగినా బండ్లు ఆగలేదు. కాకపోతే వాటికి వయసు మీద పడింది. రబ్బరు గొట్టాలు ఎండి బీటలు వారాయి. పెట్రోలు ట్యాంకుల్లో తుప్పు చేరింది. కార్బొరేటర్ స్పిండిళ్లు అరిగాయి. పాత బండ్ల నుంచి విప్పిన విడిభాగాలతో నెట్టుకొచ్చేవారు ఉన్నారు. వాటిలో ఏది మంచిదో ఏది చెడ్డదో బిగించి చూస్తే గానీ తెలియదు. అందుకే భాగం మార్చే ముందు తప్పు నిర్ధారించుకోవడం మరీ ముఖ్యం.

మూడు సరిగ్గా అందాలి

పెట్రోలు ఇంజను నడవాలంటే గాలి, పెట్రోలు, నిప్పు ఈ మూడూ తగిన పాళ్లలో, తగిన సమయానికి అందాలి. కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. బండి వేగంగా పోతున్నప్పుడు ఈ లెక్క కాస్త అటు ఇటు అయినా తెలియదు. ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడు మాత్రం కొంచెం తేడా వచ్చినా తట్టుకోలేదు. ఈ వ్యాను ఇంజను న్యూట్రల్‌లో నిమిషానికి సుమారు 900 సార్లు తిరుగుతుంది. అప్పుడు అది పీల్చే పెట్రోలు ఎంతో కొంచెం. ఆ కొంచెం వచ్చే దారి సన్నని సూది రంధ్రమంత. దాన్నే మెకానిక్కులు స్లో జెట్ అంటారు.

జగిత్యాల రైతులకు డ్రిప్పు పైపుల సంగతి తెలిసిందే. పెద్ద పైపులో నీరు ధారాళంగా వస్తున్నా చెట్టు మొదట్లోని రంధ్రంలో ఇసుక రేణువు అడ్డుపడితే ఆ చెట్టు ఎండిపోతుంది. స్లో జెట్ మూసుకుపోయినప్పుడు జరిగేదీ ఇదే. రేస్ ఇస్తే బండి బ్రహ్మాండంగా పోతుంది. కాలు తీస్తే చస్తుంది.

ఎప్పుడు ఆగుతోంది?

బండిని షెడ్డుకు తోలే ముందు యజమాని ఒక కాగితం మీద రెండు మూడు రోజుల వివరాలు రాసుకోవడం మేలు. చల్లగా ఉన్నప్పుడు ఆగిందా, వేడెక్కాక ఆగిందా? కూడలిలో ఆగిందా, పరుగుల మీద ఆగిందా? బ్రేకు తొక్కినప్పుడు ఆగిందా? కొత్తగా పెట్రోలు పోయించిన తర్వాత మొదలైందా? ఈ వివరాలు మెకానిక్‌కు డాక్టరు చేతిలో పరీక్ష చీటీ లాంటివి.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఆగి, పది నిమిషాల తర్వాత బాగుంటే చోక్‌ను అనుమానించాలి. చోక్ తీగ జారడం, చోక్ పలక సరిగ్గా మూసుకోకపోవడం ఇందుకు కారణాలు. ఇందుకు భిన్నంగా వేడెక్కాక నల్లపొగ వదులుతూ, పెట్రోలు వాసన కొడుతూ ఆగితే చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదని గానీ, కార్బొరేటర్‌లో ఫ్లోట్ సూది కూర్చోక పెట్రోలు పొంగుతోందని గానీ భావించాలి.

న్యూట్రల్‌లో మాత్రమే ఆగి, రేస్‌లో ఏ లోపమూ లేకపోతే స్లో జెట్, దాని పక్కనే ఉండే కరెంటు వాల్వు, రబ్బరు గొట్టాల నుంచి దొంగగాలి పీల్చడం అనే మూడింటిని చూడాలి. ఆ కరెంటు వాల్వు తాళంచెవి తిప్పగానే ‘టిక్’మని చప్పుడు చేయాలి. చేయకపోతే ముందు దాని తీగ ఊడిందేమో చూసుకోవాలి.

బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజను కుంగి ఆగిపోతే, బ్రేకు బూస్టర్ ఉన్న బండ్లలో దాని గొట్టమో, లోపలి పొరో చినిగి గాలి పీలుస్తుండవచ్చు. ఇది ఇంజను రోగమే కాదు, బ్రేకు రోగం కూడా. దీన్ని ఒక్క పూట కూడా వాయిదా వేయరాదు.

పది ఇరవై కిలోమీటర్లు పోయాక దగ్గి దగ్గి ఆగి, కాసేపటికి మళ్లీ ఏమీ ఎరగనట్లు స్టార్ట్ అయితే పెట్రోలు అందడం లేదని అర్థం. పెట్రోలు ఫిల్టరులో మురికి, ట్యాంకులో తుప్పు, పంపు బలహీనత ఇందుకు కారణాలు. ట్యాంకు మూతకు గాలి దారి మూసుకుపోయినా ఇలాగే జరుగుతుంది. బండి ఆగిన వెంటనే మూత విప్పి చూడాలి. ‘బుస్’మని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే మూతనే మార్చాలి.

ఎలా ఆగుతోంది?

ఆగే తీరు కూడా ముఖ్యమే. ఇంట్లో దీపం ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగితే తప్పు కరెంటు వైపు ఉంటుంది. కాయిల్, కండెన్సర్, వదులైన తీగ, అరిగిన పాయింట్లు అందులోకి వస్తాయి. ఈడ్చి ఈడ్చి, కుదుపులు ఇచ్చి ఆగితే తప్పు పెట్రోలు వైపు ఉంటుంది. ఆగకుండా ఒకే లయలో కుంటుతుంటే మూడు సిలిండర్లలో ఒకటి పని చేయడం లేదని గుర్తు. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి పోతే మూడు మిగులుతాయి. ఈ వ్యానులో ఒకటి పోతే మిగిలేవి రెండే కాబట్టి వణుకు బాగా ఎక్కువగా తెలుస్తుంది.

ఎండాకాలంలో మరో చిక్కు ఉంది. జగిత్యాల ప్రాంతంలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. సీటు కింద పెట్టెలాంటి చోట ఇంజను ఉండటం వల్ల బండి ఆపిన తర్వాత ఆ వేడి బయటికి పోదు. కార్బొరేటర్‌లోను, గొట్టాల్లోను ఉన్న పెట్రోలు ఆవిరవుతుంది. టీ తాగి వచ్చి సెల్ఫ్ కొడితే బండి పట్టుకోదు. అటువంటప్పుడు యాక్సిలరేటర్‌ను పదే పదే తొక్కితే ఇంకా చెడుతుంది. ఒకసారి పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. అప్పటికీ పట్టుకోకపోతే సీటు ఎత్తి పదిహేను నిమిషాలు గాలి తగలనివ్వాలి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గాయేమో చూడాలి గానీ వేడి మీద మూత విప్పరాదు.

వరుసగా చూడాల్సినవి

మొదట కంటితో, చెవితో చూసే పని. సీటు ఎత్తి ఇంజను నడుస్తుండగా వినాలి. ఎక్కడో ‘సుయ్’మని సన్నగా గాలి పీల్చే శబ్దం వస్తే రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూడాలి. ఏ గొట్టం నొక్కినప్పుడు ఇంజను వేగం మారుతుందో తప్పు అక్కడ ఉంటుంది. కార్బొరేటర్ కింది ప్యాకింగు చుట్టూ సబ్బు నీటి చుక్కలు వేసినా తెలిసిపోతుంది. నీటిని లోపలికి పీల్చుకుని ఇంజను తీరు మారితే ఆ ప్యాకింగు పోయినట్లే. కొందరు దీనికి పెట్రోలు చల్లి చూస్తుంటారు. వేడి ఇంజను మీద ఆ పని చేస్తే బండి అంటుకునే ప్రమాదం ఉంది. అలా చేయరాదు. తిరిగే బెల్టు, ఫ్యాను దగ్గర చీర కొంగు, తువ్వాలు, చొక్కా చేతులు రాకుండా చూసుకోవాలి.

రెండోది గాలి ఫిల్టరు. లారీల వెనుక మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఇది త్వరగా పూడుతుంది. విప్పి వెలుతురుకు పట్టి చూస్తే వెలుగు కనిపించాలి. కనిపించకపోతే మార్చాలి. ఫిల్టరు తీసేసి బండి నడపడం మాత్రం తగదు. ఆ దుమ్మంతా సిలిండర్లను అరగదీస్తుంది.

మూడోది ప్లగ్గులు. ఇంజను చల్లారాక విప్పి మూడింటినీ వరుసగా పెట్టి రంగు చూడాలి. ఇటుక రంగు, లేత గోధుమ రంగు ఉంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ అవుతోంది. తెల్లగా బూడిదలా ఉంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువ అవుతోంది. జిడ్డుగా తడిగా ఉంటే ఇంజను ఆయిల్ పైకి వస్తోంది. మూడింటిలో ఒకటే తేడాగా ఉంటే ఆ సిలిండరు మీదే దృష్టి పెట్టాలి. ప్లగ్గు మొన మధ్య సందు సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి.

నాలుగోది డిస్ట్రిబ్యూటర్. మూత విప్పి లోపల సన్నని పగుళ్లు, నల్లని గీతలు ఉన్నాయేమో చూడాలి. వర్షాకాలంలో చెమ్మ చేరినా బండి వణుకుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పాయింట్లు ఉన్న పాత బండ్లలో వాటి సందు 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. రాత్రిపూట చీకట్లో ఇంజను నడిపి చూస్తే ప్లగ్గు తీగల మీద నీలి మెరుపులు కనిపిస్తాయి. కనిపించిన తీగను మార్చాలి. పెట్రోలు వాసన వస్తున్నప్పుడు ఈ కరెంటు పరీక్షలు ఏవీ చేయరాదు.

ఐదోది పెట్రోలు దారి. ఫిల్టరు ముందు మార్చాలి. అది అన్నిటికన్నా చౌక. ఆ తర్వాతే పంపు, ట్యాంకు చూడాలి. కార్బొరేటర్‌ను శుభ్రం చేయాల్సి వస్తే స్లో జెట్‌ను విప్పి గాలితో ఊదాలి. ఇనుప తీగ, పిన్నీసు పెట్టి పొడవరాదు. ఇత్తడి మెత్తని లోహం. రంధ్రం కొంచెం పెద్దదైనా ఇక ఆ జెట్ పనికి రాదు.

ఆరోది, ఇవన్నీ అయ్యాక మాత్రమే స్క్రూ తిప్పడం. బండి ఆగుతోందనగానే స్క్రూడ్రైవరు పట్టుకుని స్లో పెంచడం చాలా చోట్ల జరిగే పొరపాటు. దానివల్ల రోగం మరుగున పడుతుంది గానీ పోదు. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. మిక్చరు స్క్రూను ముట్టుకునే ముందు అది ఎన్ని చుట్లు తెరిచి ఉందో లెక్కపెట్టి రాసుకోవాలి. ఇంజను వేడెక్కాక దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఇంజను ఎక్కడ నున్నగా, వేగంగా తిరుగుతుందో అక్కడ ఆపాలి. ఆ తర్వాత వేగం స్క్రూతో తగిన మేరకు తగ్గించాలి.

ఇవేవీ పని చేయకపోతే అప్పుడు వాల్వు సందులు, కంప్రెషన్ పరీక్ష. మూడు సిలిండర్లలో ఒకదానిలో ఒత్తిడి బాగా తక్కువగా ఉంటే వాల్వు కాలిందనో, హెడ్ ప్యాకింగు పోయిందనో తేలుతుంది. పెద్ద ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. అది తప్పదని తేలిన తర్వాత పెట్టే ఖర్చుకు బాధ ఉండదు.

ఎంపీఎఫ్‌ఐ బండ్లకు పద్ధతి కొంత వేరు. వాటిలో తిప్పడానికి మిక్చరు స్క్రూ ఉండదు. థ్రాటిల్ దగ్గర మసి పేరుకోవడం, న్యూట్రల్‌లో గాలి కొలిచి వదిలే వాల్వు బిగుసుకోవడం, సెన్సారు తీగలు వదులు కావడం వల్ల ఆగుతుంటాయి. డాష్‌బోర్డుపై ఇంజను దీపం వెలుగుతుంటే ముందు ఆ తప్పు సంఖ్యను చదివించాలి. బండి నడుస్తుండగా ప్లగ్గు తీగలు లాగి చూడటం ఈ బండ్లకు చేటు.

పెట్రోలు మారింది

పాత వ్యాన్ల యజమానులు గమనించాల్సిన మరో మార్పు బంకులోని పెట్రోలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును దేశంలో 2023 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టారు. 2025 నాటికి దేశమంతటా ఆ మోతాదుకు చేరుకున్నారు. కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావలసి ఉండగా కిలో ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. అందువల్ల పాత పెట్రోలుకు సరిపోయేలా అమర్చిన కార్బొరేటర్‌లో ఈ కొత్త పెట్రోలు పోస్తే గాలి పాలు ఎక్కువవుతుంది. న్యూట్రల్‌లో వణుకు రావడానికి ఇదొక కారణం కావచ్చు. పాత రకం రబ్బరు గొట్టాలు, పొరలు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడవచ్చు, ఎండి చిట్లవచ్చు. ట్యాంకులో ఏళ్ల తరబడి అంటుకున్న మురికిని అది కడిగి ఫిల్టరులోకి తెస్తుంది. గాలిలోని చెమ్మనూ పీల్చుకుంటుంది.

కాబట్టి ప్రతి లోపాన్నీ పెట్రోలు మీదికి నెట్టడం సరి కాదు, అలాగని ఆ మార్పును పట్టించుకోకుండా ఉండటమూ సరి కాదు. గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చుకోవాలి. ఫిల్టరును తరచుగా మార్చాలి. మిక్చరును తిరిగి సరిచేయించాలి. వేసవి సెలవుల్లో బడి వ్యానును నెలల తరబడి నిలిపేటప్పుడు పాత పెట్రోలును అలాగే వదిలేయకుండా వారానికి ఒకసారైనా బండిని నడపాలి.

ఇంటి గ్యాసుతో చెలగాటం

పెట్రోలు ధరకు భయపడి కొందరు వంటగ్యాసు సిలిండర్లను వ్యానులో పెట్టి నడపడం ఎప్పటి నుంచో ఉన్న బెడద. ఇది చట్ట విరుద్ధం. అన్నిటికీ మించి ప్రాణాంతకం. కదిలే బండిలో ఆ సిలిండరుకు, ఆ గొట్టాలకు ఎటువంటి రక్షణా లేదు. గ్యాసు గాలి కన్నా బరువైనది కాబట్టి లీకైతే పైకి పోకుండా బండి అడుగున, సీట్ల కింద చేరుతుంది. ఇంజను కూడా సీట్ల కిందే ఉంది. ఒక నిప్పురవ్వ చాలు. పైగా గ్యాసు మీదే నడిపే బండిలో పెట్రోలు దారి ఎండి జిగురు పట్టి, మళ్లీ పెట్రోలుకు మార్చినప్పుడు న్యూట్రల్‌లో నిలవదు. అనుమతి పొందిన కిట్టు, దానికి తగిన ట్యాంకు, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు ఉంటేనే గ్యాసు బండి నడపాలి.

ఆగడం చిన్న మాట కాదు

బండి ఆగితే తోసుకుపోవచ్చులే అనుకునేవారు ఒక విషయం మరుస్తున్నారు. ఇంజను ఆగితే బూస్టర్ ఉన్న బండిలో బ్రేకు ఒకటి రెండు సార్లకు మించి తేలికగా పడదు. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు భయపడి వదిలేయకుండా బలమంతా పెట్టి తొక్కి పట్టాలి. హ్యాండ్ బ్రేకు కలపాలి. గేరులో ఉంచాలి. పెట్రోలు మిగులుతుందని దిగుడులో తాళం తీసి బండిని వదలడం అంతకన్నా పెద్ద తప్పు.

కొండగట్టు ఘాట్ రోడ్డులో 2018 సెప్టెంబరు 11న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిన దుర్ఘటనను ఈ ప్రాంతం మరువలేదు. ఆ సంగతి వేరు, ఈ వ్యాన్ల సంగతి వేరు. అయినా ఎత్తుపల్లాల రోడ్డు మీద నిండుగా జనాన్ని ఎక్కించుకున్న బండి ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆ రోజు అందరికీ తెలిసింది. పెద్దపల్లి, నిజామాబాద్ రైలు మార్గం జగిత్యాల, కోరుట్ల పక్కగానే పోతుంది. గేట్లున్న చోట పట్టాల మీద ఇంజను ఆగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అటువంటి పరిస్థితి వస్తే ముందు పిల్లలను దింపి దూరంగా పంపాలి. బండి గురించి ఆ తర్వాతే ఆలోచించాలి.

మరొక ముప్పు కంటికి కనిపించదు. సరిగ్గా కాలని పెట్రోలు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సైలెన్సరు గొట్టం చిల్లు పడినా, సీటు కింది మూత రబ్బరు చిరిగినా అది లోపలికి చేరుతుంది. వ్యానులో ఎక్కిన పిల్లలు తలనొప్పి, వికారం అని చెబితే ప్రయాణం పడలేదని కొట్టిపారేయరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడిపి రిపేరు చేయడమూ ప్రమాదమే.

పొగ పరీక్ష ఇక్కడ ఉపయోగపడుతుంది. దీన్ని పోలీసులకు చూపే చీటీగానే చాలామంది భావిస్తున్నారు. నిజానికి పెట్రోలు బండికి ఆ పరీక్షను ఇంజను న్యూట్రల్‌లో ఉన్నప్పుడే చేస్తారు. పాత కార్బొరేటర్ బండ్లలో ఈ విష వాయువు పొగలో 3 శాతానికి మించరాదు. భారత్ స్టేజ్-2 నాటి నుంచి వచ్చిన బండ్లకు పరిమితి 0.5 శాతం, ఆ తర్వాతి వాటికి ఇంకా తక్కువ. చీటీ తీసుకుని జేబులో పెట్టుకోకుండా అందులోని అంకెను మెకానిక్‌కు చూపితే మిక్చరు ఎటు తప్పిందో అతనికి తెలుస్తుంది. రిపేరుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష చేయిస్తే పని జరిగిందో లేదో కూడా తేలిపోతుంది.

యజమాని అడగాల్సిన మాట

మెకానిక్కులందరినీ ఒకే గాటన కట్టనక్కర లేదు. బండి తెచ్చి పడేసి ‘అన్నా, గంటలో కావాలె, పిల్లలను దింపాలె’ అని తొందర పెడితే ఎంత మంచి మేస్త్రీ అయినా అందుబాటులో ఉన్న భాగం మార్చి పంపడం తప్ప ఏం చేయగలడు? వెతకడానికి అతనికి సమయం ఇవ్వాలి. వెతికిన శ్రమకు కూలి ఇవ్వాలి. భాగం ధర ఇచ్చినంత సులువుగా వెతికిన శ్రమకు డబ్బు ఇవ్వకపోవడం వల్లే భాగాలు మార్చే అలవాటు పెరిగింది.

అదే సమయంలో యజమాని కూడా ఒక మాట అడగాలి. ‘ఇది పోయిందని ఎట్ల తెలిసింది?’ అన్నదే ఆ మాట. విప్పిన పాత భాగాన్ని చూపమనాలి. ఒకేసారి మూడు నాలుగు మార్చకుండా ఒకటి మార్చి నడిపి చూడాలి. అప్పుడే దేనివల్ల బాగైందో తెలుస్తుంది.

పదిహేనేళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్‌ను తిరిగి చేయించుకోవాలి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఆ పని తప్పదు. పిల్లలను కిరాయికి తీసుకుపోయే బండికి ఫిట్‌నెస్ పత్రం ఉండాలి. న్యూట్రల్‌లో నిలబడలేని బండిని రోడ్డుకు పనికి వచ్చేదని చూపించడం కష్టం. సరిచేయించినా తరచుగా ఆగుతుంటే, సిలిండర్లు అరిగిపోయి ఉంటే, అటువంటి బండిని సామాను కిరాయికి కూడా తిప్పకుండా విరమించుకోవడమే మేలు.

బడి పిల్లల తల్లిదండ్రులకు కూడా బాధ్యత ఉంది. వ్యాను కిరాయి తక్కువని చూసుకోవడమే గాక, ఇంటి ముందు ఆగినప్పుడు ఇంజను చప్పుడు ఒక నిమిషం వినాలి. నిలకడగా ఉందా, వణుకుతోందా? లోపల పెట్రోలు వాసన ఉందా? ఉంటే డ్రైవరును నిలదీయడం కాదు, ఒక రోజు బండి ఆపుకుని బాగు చేయించుకోమని చెప్పి, ఆ ఒక్క రోజు పిల్లలను తామే దింపుకోవాలి. బీడీలు చుట్టే తల్లికైనా, మగ్గం నడిపే తండ్రికైనా ఒక పూట పని పోవడం కష్టమే. కానీ పిల్లల క్షేమం ముందు ఆ ఒక్క పూట ఏపాటిది?